ఓపీ చీటీ మీద పేరు

నిన్న నారాయణగూడ మీదుగా వస్తుంటే మిత్ర్ క్లినిక్ గుర్తొచ్చింది. 2021లో ట్రాన్స్ వాళ్ల కోసం పెట్టారు. నడిపినవాళ్లలోనూ ట్రాన్స్ వాళ్లున్నారు. హార్మోన్ల మీద సలహా, హెచ్‌ఐవీ పరీక్షలు, మనసు బాగోకపోతే కూర్చుని వినే మనిషి. మామూలు జబ్బుకీ వెళ్లే వీలుండేది. నాకైతే ఆ చివరిదే పెద్ద విషయం.

పోయిన నెల ఓ స్నేహితురాలికి తోడుగా ఒక ఆసుపత్రికెళ్లాను. దగ్గు, అంతే. ఓపీ చీటీ మీద ఆధార్‌లోని పాత పేరు. ఆ మగపేరే గట్టిగా పిలిచారు, చీర కట్టుకున్న ఈమె లేచింది. హాలంతా తలతిప్పింది. లోపల డాక్టరు దగ్గు గురించి తప్ప అన్నీ అడిగాడు. బయటికొచ్చి, "మెడికల్ షాపులో సిరప్ కొనుక్కుంటాలే అక్కా" అంది. ఎంతమంది ఇలా సిరప్‌లతో నెట్టుకొస్తున్నారో!

2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆపేసేసరికి మిత్ర్ మూతపడింది. ఎక్కడి సంతకం, ఎక్కడి తాళం! అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు, నయం. అన్నట్టు, 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉద్యోగంలో చేరినప్పుడు ఈ స్నేహితురాలే నాకు ఆ వార్త మూడుసార్లు పంపింది.

దగ్గింకా తగ్గలేదట. సబ్‌రంగ్‌కి తీసుకెళ్తానన్నా. కాసేపాగి అడిగింది: "అక్కడ చీటీ మీద ఏ పేరు రాస్తారక్కా?"