గుఱ్ఱమునకు గోత్రము

బడిపంతులకు గుఱ్ఱములతో పనియేమి యని చదువరులు నవ్వవచ్చును. మేమును అమరకోశములో దప్ప వాని నంతగా నెఱుఁగము. అయినను అమెరికాలో వెర్మాంటు రాష్ట్రమున కాపురమున్న మా మేనల్లుఁడు మోర్గను జాతి మగగుఱ్ఱపు పిల్లను కొనఁబోవుచు, "మామయ్యా, మీరును రండు" అనఁగా అశ్వశాలకు వెంట పోయితిమి.

పిల్లకు రెండేండ్లు. బొగ్గువంటి జూలు, ఎఱుపుడాలు మేను, చిన్నచెవులు, వంపుమెడ. మా మనుమరాలు నిర్భయముగా పోయి దాని నొసట చేయి వైచెను. యజమానుఁడు మాత్రము గుఱ్ఱముకంటె ముందుగా వంశవృక్షమును చూపెను. తల్లియు తండ్రియు పట్టికలో చేరినవి కావలయునఁట, డి.ఎన్.ఏ. పరీక్షచే నది రుజువు కావలయునఁట. మన పెండ్లిబేరములలో సయితము ఇంతదూరము పోయినవారిని మేమెఱుఁగము!

ఇంతకును ఈ జాతికి మూలమెట్టిది? 1789లో పుట్టిన 'ఫిగర్' అను పొట్టిగుఱ్ఱము జస్టిన్ మోర్గను అను బడిపంతులకు బాకీక్రింద వచ్చినదందురు. ఆయన సంగీతమును గూడ నేర్పువాఁడు. (బాకీ క్రింద గుఱ్ఱమైనను చేతికి వచ్చిన పంతులు ధన్యుఁడు.) 1798లో ఆయన కాలధర్మము నొందెను. గుఱ్ఱము పలువురి చేతులు మాఱి, మ్రాకులు లాగి, పందెములు గెలిచి, 1821లో వేఱొక గుఱ్ఱము తన్నిన గాయము మానక చచ్చెను. దాని తండ్రి యేదియో నేఁటికిని వివాదమే. పిల్లలు దానివలెనే బలిష్ఠములై పుట్టుటచేత లోకము దానిని గుర్తించెను గాని, పత్రము చూచి కాదు. అట్టిదాని సంతతికి నేఁడు పత్రము లేనిదే ప్రవేశము లేదు. మన యశ్వశాస్త్రజ్ఞులు సుడులను చూచి శుభాశుభములు చెప్పిరి. వీరు కాగితమును చూచెదరు. ముందు గిట్టలను, నడకను చూడుమని మేము మేనల్లునితో నంటిమి.

అసలు చిక్కు వేఱు. విత్తుగొట్టింపని మగగుఱ్ఱమునకు ప్రత్యేకమైన గట్టి కంచె, ఆఱితేఱిన చేయి కావలయును. ఆఁడుగుఱ్ఱపు వాసన తగిలెనా, నిన్నటి సాధుజంతువు నేఁడు మాట వినదు. "ఇంతటి వంశమును ఇక్కడితో ఆపుదుమా?" అని మేనల్లుఁడు. మా కోడలు పిల్లవంక చూచి, "మనము కొనుచున్నది అమ్మాయి యెక్కుటకా, గుఱ్ఱపు వంశము నిలుపుటకా? మీరే చెప్పుఁడు" అనెను.

మేము కోడలి పక్షమే వహించితిమి. మేనల్లుఁడు చాలసేపు కంచెపై చేతులుంచి పలుకకుండెను. తుదకు బేరము తెగినది. ఈఁగలు తగ్గు అక్టోబరునకు పశువైద్యునికి కబురంపిరి. ఎముకలు ముదురువఱకు ఎవ్వరును ఎక్కరాదని యజమానుఁడు చెప్పఁగా, మనుమరాలు మాత్రము అంతవఱకు మేత తానే పెట్టుదునని అప్పుడే బొక్కెన వెదకఁబోయెను.