రెండు రూపాయల వడ్డీ, కిందకి ఉన్న మాయ

బ్యాంకులో పడున్న డబ్బంటే మా మేనమామకి పనీపాటా లేకుండా అరుగు మీద కూర్చున్న మగాడితో సమానం. ఎక్కడో ఒకచోట వడ్డీకి తిరగాల్సిందే. కొవ్వూరులో ఎవరికి అప్పు కావాలన్నా, ఎవరి దగ్గర నాలుగు రాళ్లున్నా ముందు ఆయన చెవినే పడుతుంది. నా రెండో కాన్పుకని విడిగా తీసిపెట్టుకున్న 3 లక్షల సంగతీ అలాగే పడింది.

"కాన్పుకి ఇంకా నాలుగైదు నెలలుంది కదా అల్లుడుగారూ. దేవరపల్లి వైపు పొగాకు రైతు, నాకు బాగా తెలిసినవాడు. వేలం మొదలవ్వగానే ఇచ్చేస్తాడు. నోటు నేను రాయిస్తాను" అన్నాడు మా ఆయనతో. కడుపు నాది, డబ్బులో సగం నా జీతంది, మాట మాత్రం అల్లుడితో. నేను వద్దన్నాను. "ఆడవాళ్లకి ధైర్యం తక్కువ" అని నవ్వేసి కాగితం మీద లెక్క వేశాడు. 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే నెలకి 1,750. రెండు రూపాయల వడ్డీకి ఇస్తే నెలకి 6,000. తేడా 4,250. ఐదు నెలలకి 21,250. "బారసాల ఖర్చు దానంతటదే వచ్చేస్తుందమ్మా!"

లెక్కలో తప్పు లేదు. నా ఒళ్లుమంట అదే.

ఎందుకంటే అప్పటికే ఐదో నెల టిఫా స్కాన్ రిపోర్టు ఇంట్లో ఉంది. మాయ (ప్లాసెంటా) బాగా కిందకి, గర్భసంచి ముఖద్వారం మీదకి వచ్చి ఉందని అందులో రాశారు. ఐదో నెలలో ఇలా కనిపించినవాటిలో పదింటికి తొమ్మిది, గర్భసంచి పెరిగేకొద్దీ పైకి జరిగిపోతాయని డాక్టరమ్మ చెప్పింది. చివరిదాకా జరగకుండా ప్లాసెంటా ప్రీవియాగా మిగిలేవి సుమారు 200 కాన్పులకి ఒకటి. ఇదివరకు సిజేరియన్ అయినవాళ్లకి ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. మన రాష్ట్రంలో అలాంటివాళ్లు తక్కువేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. నా మొదటిదీ అంతే.

"నూటికి తొంభై మంచే అంటున్నారుగా" అన్నాడు మావయ్య. మిగతా పది కోసమే కదా ఆ డబ్బు అన్నాను. ఆ వారంలోనే నోటు రాయించారు. అది జనవరి.

28 వారాల స్కాన్‌కి మాయ అంగుళం కూడా కదల్లేదు. అప్పటినుంచి మా ఇంటి భాషే మారిపోయింది. బరువులెత్తకూడదు, ప్రయాణాలు వద్దు, భార్యాభర్తలు దూరంగా ఉండాలి, చుక్క రక్తం కనిపించినా ఏ వేళైనా సరే బయల్దేరాలి. వెళ్లే ఆస్పత్రిలో రాత్రీపగలూ ఆపరేషన్ థియేటరు, రక్తం, నెలలు నిండని బిడ్డకి ఐసీయూ మూడూ ఉండాలి. మాకు అవి దొరికేది రాజమండ్రిలో. 2022లో జిల్లాల పునర్విభజనతో కొవ్వూరు తూర్పు గోదావరిలో కలిసింది గానీ, మధ్యలో గోదావరి అలాగే ఉంది. 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. మరమ్మతులకని దాన్ని మూస్తే నాలుగో వంతెన మీదుగా చుట్టుతిరిగి పోవాలి.

మార్చిలో ఒక శనివారం రాత్రి, 29వ వారంలో మొదలైంది. నొప్పి లేదు. నొప్పి లేకుండా ఎర్రగా, ధారగా రావడమే దీని లక్షణమని చదివాను గానీ, బాత్రూములో నిలబడి పాదాల దగ్గర చూసుకుంటే చదివినదేదీ గుర్తు రాదు. పాత చీర నాలుగు మడతలు పెట్టుకుని కారెక్కాను. వంతెన దాటేలోపు మడత మార్చాల్సి వచ్చింది.

కౌంటర్లో 50,000 డిపాజిట్ కట్టమన్నారు. శనివారం రాత్రి, ఇన్సూరెన్స్ అనుమతి వచ్చేదాకా ఆగరు. ఖాతాలో ఉన్నది 11,000. ఆస్పత్రులకి యూపీఐ పరిమితిని రిజర్వు బ్యాంకు 5 లక్షలకి పెంచింది, సంతోషమే. ఖాతాలో ఉండాలిగా! మా ఆయన మావయ్యకి ఫోన్ చేశాడు, మావయ్య రైతుకి చేశాడు. వేలం ఇప్పుడే మొదలైంది, కొనేవాళ్లు లేక బేళ్లకి నోబిడ్ పడుతోంది, రేటు వచ్చాక చూద్దామన్నాడట. అతన్ని అనడానికేం లేదు, పొగాకు రైతు కష్టం పొగాకు రైతుది. చివరికి పక్కింటి పిన్నిగారు కూతురి కాలేజీ ఫీజుకి దాచిన 40,000 పంపింది. వడ్డీ మాట ఎత్తలేదు.

రక్తం ఆగింది. బిడ్డ ఊపిరితిత్తులకని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మళ్లీ ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా కోయాల్సి రావచ్చు, డబ్బు మొత్తం చేతిలో ఉంచుకోండి అన్నారు. సోమవారం నా హారం బ్యాంకుకి వెళ్లింది. 1,80,000, ఏడాదికి 9 శాతం, నెలకి 1,350. చాలనిదానికి లక్ష రూపాయలు బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం, నెలకి 3,000. మేం రెండుకి ఇచ్చి మూడుకి తెచ్చుకున్నామన్నమాట.

ఇక బిల్లులు. మొదటిసారి చేరినందుకు 46,000. 33వ వారంలో మళ్లీ రక్తం పోయి, అప్పటినుంచి 36 నిండి సిజేరియన్ చేసేదాకా ఆస్పత్రిలోనే ఉన్నందుకు, ఆపరేషన్‌తో కలిపి 2,24,000. స్కాన్లు, ఐరన్ ఇంజెక్షన్లు, మందులు 38,000. మావాళ్లు రాజమండ్రిలో తీసుకున్న గది అద్దె, తిరుగుళ్లు 22,000. మొత్తం 3,30,000. ఎక్కించిన రక్తం ఇందులో చిన్న అంకె. చట్ట ప్రకారం రక్తానికి ధర ఉండదు, ప్రాసెసింగ్ రుసుమే.

ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చింది? 50,000. మా ఆయన కంపెనీ గ్రూపు పాలసీ 5 లక్షలది. అయినా అంతే. అది కాన్పు కాదు, ప్రాణాపాయం కదా అని వాదించి చూశాం. పాలసీల్లో ఉండే ప్రామాణిక నిబంధన తీసి చూపించారు. క్లిష్టమైన కాన్పులు, సిజేరియన్లతో సహా ప్రసవానికి సంబంధించిన ఖర్చంతా మెటర్నిటీ కిందే వస్తుంది. ట్యూబులో వచ్చే గర్భానికి ఒక్కదానికే మినహాయింపు, ప్రీవియాకి లేదు. మెటర్నిటీ పరిమితి 50,000లో 46,000 మొదటి బిల్లే తినేసింది. ఆపరేషన్ బిల్లుకి మిగిలింది 4,000. పాప ఐసీయూ ఖర్చు 36,000 మాత్రం, పుట్టిన రోజునుంచే బిడ్డకి కవరేజీ ఉన్నందువల్ల విడిగా వచ్చింది. ఆ ఒక్క వాక్యం పాలసీలో రాయించిన మహానుభావుడెవరో గానీ, దణ్ణం.

ఆపరేషన్ ముందు నన్ను బాగా భయపెట్టిన అంకె డబ్బుది కాదు. ఒక సిజేరియన్ అయ్యాక ప్రీవియా వస్తే, నూటికి 11 మందికి మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయి ఉంటుందని 2006లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. రెండు సిజేరియన్లయితే 40 మందికి. అప్పుడు గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. నాకు అలా కాలేదు. మాయ తేలిగ్గానే వచ్చింది.

నోటు డబ్బు అక్టోబరులో, పాప అన్నప్రాసన నెలలో వచ్చింది. తొమ్మిది నెలల వడ్డీ 54,000 రావాలి. పెద్దమనుషులు కూర్చుని 30,000కి తేల్చారు. ఏడు నెలలకి మేం కట్టిన వడ్డీ 4,350 చొప్పున 30,450. అంటే 450 నష్టం. ఎఫ్‌డీలో ఉంచి మార్చిలో రద్దు చేసుకుని ఉంటే కోత పోను 3,000 వచ్చేదనుకుందాం. తేడా 3,450.

"ఇంతా చేసి పోయింది మూడున్నర వేలేనమ్మా" అంటాడు మావయ్య. రైతు వడ్డీ పూర్తిగా ఇచ్చి ఉంటే మాకు 23,550 మిగిలేది, అప్పుడు ఊరంతా ఆయన్నే మెచ్చుకునేది. నా వాదన అప్పుడూ ఇదే. కాన్పు డబ్బుకి ఉండాల్సిన గుణం ఒక్కటే, శనివారం రాత్రి పదకొండింటికి చేతికి రావడం. పెరగడం తర్వాతి సంగతి. ఇప్పుడు మా ఇంట్లో ఎఫ్‌డీలన్నీ ఇద్దరి పేరునా ఉన్నాయి. నోటు రాయించాలంటే నన్ను కూడా అడగాలి.

సర్కారీ ఆస్పత్రికి వెళ్లుంటే జననీ శిశు సురక్ష పథకం కింద సిజేరియన్, రక్తం, మందులు ఉచితమే. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మీ ఐదో నెల రిపోర్టులో మాయ కిందకి ఉందని రాసుంటే, ముందు పాలసీ తీసి మెటర్నిటీ పేజీ చదవండి. కాన్పు డబ్బు ఫోన్లోనే రద్దు చేసుకోగల ఎఫ్‌డీలో పెట్టండి. మీ గ్రూపు రక్తం ఇవ్వగలవాళ్ల నంబర్లు నదికి మీ ఒడ్డున కాకుండా ఆస్పత్రి ఉన్న ఒడ్డున వెతికి పెట్టుకోండి. బంధువులెవరైనా నోటు కాగితంతో వస్తే కాఫీ ఇచ్చి పంపించేయండి.