గరిక అక్కడ బతకదు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు నయాగరా గురించో న్యూయార్క్ మేడల గురించో చెబుతారు. నాకు మాత్రం గడ్డి గురించి చెప్పాలనుంది. ముడిమ్యాలలో పుట్టి, చెల్కలో కలుపు తీస్తూ పెరిగినవాణ్ని. మా అమ్మ గట్ల మీది గడ్డి కోసుకొచ్చి బర్రెకు వేసేది. ఏ పశువూ మేయని గడ్డిని, పైసా రాని గడ్డిని నీళ్లు పెట్టి, ఎరువు వేసి పెంచడం దగ్గరుండి చూసింది మిన్నెసోటాలోని మా అమ్మాయి ఇంట్లోనే.

మిన్నియాపోలిస్ నగర శివారులో వాళ్ల ఇల్లు. మేం ఏప్రిల్‌లో దిగేనాటికి చెట్లకు ఆకు లేదు. ఇంటిముందు గడ్డి వరిగడ్డి రంగులో పడి ఉంది. పైకి చచ్చినట్టు ఉన్నా, వేళ్లలో ప్రాణం దాచుకుని చలికాలమంతా నిద్రపోతుందట. మన దగ్గర వాకిట్లో గడ్డి మొలిస్తే ఇల్లాలికి నామోషీ. ఊడ్చి, అలుకు చల్లి, ముగ్గేస్తేనే ఇంటికి కళ. అక్కడ గడ్డి లేకపోతే నామోషీ. ఉంటే సరిపోదు, పెరగనివ్వకూడదు కూడా. మిన్నియాపోలిస్‌లో గడ్డి ఎనిమిది అంగుళాలు దాటితే నగరపాలక సంస్థ నోటీసు పంపిస్తుంది. చలికాలంలో ఇంటిముందు నడకదారి మీద పడిన మంచును 24 గంటల్లోగా ఇంటివాళ్లే ఎత్తిపోయాలి.

మనకు కార్తెలున్నట్టు అక్కడివాళ్లకు రెండు గడువులున్నాయి. వసంతంలో చివరి మంచు ఎప్పుడు కురుస్తుంది, చలికాలం ముందు మొదటి మంచు ఎప్పుడు పడుతుంది అన్నవే అవి. మే మొదటివారానికి, అక్టోబర్ మొదటివారానికి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఆ ఐదు నెలల్లోనే విత్తడమూ కోయడమూ అయిపోవాలి. అందుకే మా ఆవిడ తెచ్చిన గోంగూర విత్తనాలను ఏప్రిల్‌లోనే కాగితపు కప్పుల్లో వేసి, కిటికీ పక్కన ఎండ తగిలేచోట మొలిపించాం. మే చివర్లో పెరట్లో నాటాం. జూలైకల్లా పప్పులోకి, పచ్చడిలోకి సరిపోయింది. కరివేపాకు మాత్రం ఎప్పటికీ కుండీ దాటదు. సెప్టెంబర్ చలి మొదలుకాగానే దాన్ని పసిపిల్లాడిలా ఎత్తుకుని ఇంట్లోకి తేవాలి.

మా అల్లుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పెరిగినవాడు. పార పట్టుకోవడం అక్కడికి వెళ్లాకే నేర్చుకున్నాడు. ప్రతి శనివారం యంత్రంతో గడ్డి కోసేవాడు. పొడవులో మూడోవంతుకు మించి కోయకూడదన్నది మొదటి సూత్రం. మూడంగుళాల ఎత్తు ఉంచితే నేలకు నీడ ఉంటుంది, తేమ ఆరదు, కలుపు లేవదు. "మామయ్యా, మన దగ్గర కూడా ఇంతేనా?" అని అడిగేవాడు. టమాటా తోటలో గడ్డి పరిచి తేమ నిలబెట్టే సంగతి చెప్పేవాణ్ని. పెళ్లయి ఎనిమిదేళ్లయినా మేమిద్దరం అన్ని మాటలు మాట్లాడుకున్నది ఆ వేసవిలోనే.

ఆ పచ్చిక కూడా అక్కడిది కాదు. పేరుకు కెంటకీ బ్లూగ్రాస్ గానీ, అది యూరప్ నుంచి వచ్చింది. మనం వినాయకుడికి పెట్టే గరికనే వాళ్లు బెర్ముడా గడ్డి అంటారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇళ్ల ముందు పెంచేది ఎక్కువగా దాన్నే. మిన్నెసోటా చలికి అది బతకదు. ఏ నేలకు ఏది నప్పుతుందో ఆ చలే తేల్చేస్తుంది.

సెప్టెంబర్ దాటాక పనుల తీరు మారింది. భూమిలోని నీటి గొట్టాల్లోకి యంత్రంతో గాలి ఊది, చుక్క నీరు లేకుండా చేశారు. నీరుంటే గడ్డకట్టి గొట్టం పగిలిపోతుంది. లేత చెట్ల మొదళ్లకు తెల్లటి తొడుగులు వేశారు. చలికాలపు ఎండకు బెరడు వేడెక్కి, రాత్రి ఒక్కసారిగా గడ్డకడితే చీలిపోతుందట. రాలిన ఆకుల్ని యంత్రంతోనే తునకలు చేసి నేలమీదే వదిలేశారు. మేం వచ్చేశాక, డిసెంబర్‌లో మా అమ్మాయి ఫోన్‌లో పెరడంతా చూపించింది. ఎటు చూసినా తెలుపు. తొడుగులున్న చెట్లు మాత్రం నిలబడి ఉన్నాయి.

అమెరికాలో పచ్చిక బయళ్లు ఎంత మేర ఉన్నాయో 2005లో శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల సాయంతో అంచనా వేశారు. అది తెలంగాణ రాష్ట్ర విస్తీర్ణం కన్నా ఎక్కువేనని తేలింది. అయితే ఆ మోజుకు వాళ్లే కళ్లెం వేసుకుంటున్నారు. పచ్చికకు వేసే భాస్వరం వానకు కొట్టుకుపోయి చెరువుల్లో నాచు పెంచుతోందని, 2005 నుంచి మిన్నెసోటా అంతటా దాని వాడకాన్ని కట్టడి చేశారు. పచ్చిక స్థానంలో తేనెటీగలకు పనికొచ్చే స్థానిక పూలమొక్కలు పెంచేవారికి 2019లో మొదలైన ప్రభుత్వ పథకం కింద డబ్బు సాయం కూడా దొరుకుతోంది.

వాళ్లు వదులుకుంటున్న దాన్ని మనం తెచ్చిపెట్టుకుంటున్నాం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నడుమ ఉన్న మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఫామ్‌హౌస్ గేట్ల వెనక లాన్‌లే. పది గుంటల లాన్‌కు వారానికి అంగుళం చొప్పున తడిపినా, దాదాపు 25 వేల లీటర్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదన్నమాట. మన ఏప్రిల్, మే ఎండలకు అదీ చాలదు. మిన్నెసోటాలో గడ్డి చలికాలమంతా ఊరికే పడుకుంటుంది. ఇక్కడ ఏడాదంతా బోరు నీళ్లు తాగుతుంది. అదే బోరు కింద పక్క రైతు క్యారెట్ పండిస్తాడు, చామంతులు పూయించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపిస్తాడు.

ఈ సంగతి నాకెందుకంటే, ముడిమ్యాలలో మాకింకా రెండెకరాల చెల్క ఉంది. కౌలుకిచ్చాం. "నాన్నా, చుట్టూ గోడ కట్టి, మధ్యలో చిన్న ఇల్లు, ముందు లాన్ వేయిద్దాం. సెలవులకు వస్తే పిల్లలు ఆడుకుంటారు" అన్నది మా అమ్మాయి కోరిక. ఇల్లు కట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. లాన్ మాత్రం వద్దన్నాను. "నీ పెరట్లో కరివేపాకు కోసం ఎంత అవస్థ పడుతున్నావో చూశాను బిడ్డా. ఇక్కడ అది దానంతటదే పెరుగుతుంది. వేప, కానుగ, సీతాఫలం వేద్దాం. మొదటి రెండేళ్లు నీళ్లు పోస్తే చాలు. చేవెళ్ల దారిలో ఆ మర్రిచెట్లకు ఎవరు నీళ్లు పోస్తున్నారు?" అన్నాను.

వెంటనే ఏమీ అనలేదు. అల్లుడే అందుకుని, "మామయ్యా, వాకిలి మాత్రం మట్టిదే ఉంచుదాం, ముగ్గేయడానికి" అన్నాడు. గోడ ఎంత ఎత్తుండాలన్న దగ్గర మాట ఇంకా తెగలేదు. ఈ వానలకు ముందైతే గట్టు మీద నాలుగు వేపమొక్కలు నాటించాను. కౌలు రైతు టమాటాకు అవి అడ్డం రాకుండా చూసుకున్నాను.