వీపు మీది మొక్కు

రాయచూరు ప్రాంతపు పల్లెలకు వచ్చే దురుగమురుగి వారు, అంటే దుర్గమ్మను మోస్తూ ఊరూరా తిరిగే సంచార భక్తులు, ఇంట తెలుగే మాట్లాడుతారు. స్త్రీ అమ్మవారి పెట్టెను తలకెత్తుకొని, పుల్లతో రాచి బుర్రుమనిపించే వాద్యాన్ని మోగిస్తుండగా, పురుషుడు జుట్టు విరబోసుకొని, కాళ్లకు గజ్జెలు కట్టి, పేనిన కొరడాతో తన ఒంటినే కొట్టుకొంటాడు. 1349లో పోపు ఆరవ క్లెమెంటు నిషేధించిన ఐరోపా ఫ్లాజెలెంట్లు, అనగా ప్లేగు కాలంలో పాపాలకు ప్రాయశ్చిత్తంగా తమను తాము కొరడాలతో హింసించుకొన్నవారు, దేవుని క్షమ కోరారు. ఇతడు అమ్మవారి పేర దెబ్బలు తిని చేటెడు గింజలు, పాత బట్టలు పుచ్చుకొంటాడు. ఇందులో మొక్కెంత, కూలెంత అని విడదీయడం కష్టమే గాని, ఆకలి తీరినా ఆ కొరడా అలాగే ఆడుతుందా అన్నది ఊరు తనను తాను అడగవలసిన ప్రశ్న.