ఎవ్రీవన్ - ఫుల్ కంట్రోల్

మొన్న సంక్రాంతికి సబ్బవరం వెళ్ళాను. (2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిపోయింది లెండి, మాకింకా వైజాగే.) బాబాయి పనిచేసే లారీల ఆఫీసుకి కూడా వెళ్ళాల్సొచ్చింది. నాకైతే వెళ్ళాలని లేదు. అక్కడ జరిగినదాంట్లో సగం పాపం నాది.

రెండేళ్ళ క్రితం ఆ ఆఫీసులో ఆరు కంప్యూటర్లు కలిపి, ఒకదాంట్లో షేర్డ్ ఫోల్డర్ పెట్టింది నేనే. హైదరాబాద్ బస్సుకి టైమైపోతోంది. ఒక సిస్టం "యాక్సెస్ డినైడ్" అంటూ మొండికేసింది. మనందరం చేసే పనే చేశాను. షేర్ పర్మిషన్లోనూ, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్లోనూ ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి, అందరికీ ఒకటే లాగిన్ చెప్పేసి బస్సెక్కేశాను. "మావోడు ఎంత తెలివైనోడో" అని టీ, పునుగులు కూడా పెట్టారు :-)

కిందటేడు ఓ రోజు లోడింగ్ లెక్కల ఫోల్డర్ మాయమైంది. నెట్‌వర్క్ షేర్‌లో డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌లోకి రాదు, పోతే పోయినట్టే. బ్యాకప్ లేదు. ముందురోజే జీతం గురించి ఓనరుతో గొడవపడిన కుర్రాడి మీదకి పోయింది అనుమానం. "నాకేటీ తెల్దు బాబూ" అని ఎంత మొత్తుకున్నా వినలేదట. తీసేశారు.

అతను చేశాడో లేదో నాకూ తెలీదు. తెలుసుకునే దారి లేకుండా చేసింది మాత్రం నేను. ఆడిటింగ్ ఆన్ చెయ్యలేదు. చేసినా లాగ్‌లో ఆరుగురికీ ఒకటే పేరు పడేది!

చిన్నాఫీసు గొడవే కదా అనుకోకండి. 2017 మేలో వనాక్రై వచ్చినప్పుడు మన పోలీసు కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. అది పాకింది విండోస్ ఫైల్ షేరింగ్‌లో లోపం గుండానే. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోని మెషీన్లు దొరికిపోయాయి.

ఈసారి తీరిగ్గా కూర్చున్నాను. మనిషికో యూజర్, విడివిడిగా గ్రూపులు. ఎవరి ఫోల్డర్ మీద వాళ్ళకి మోడిఫై మాత్రమే. ఫుల్ కంట్రోల్ ఉంటే పర్మిషన్లే మార్చేయొచ్చు కదా. ముగిసిన నెలల లెక్కలు అందరికీ రీడ్ ఓన్లీ. లోకల్ పాలసీలో ఆబ్జెక్ట్ యాక్సెస్ ఆడిటింగ్ ఆన్ చేసి, ఫోల్డర్ మీద డిలీట్‌కి ఎంట్రీ పెట్టాను. ఇక ఎవరు తుడిచినా సెక్యూరిటీ లాగ్‌లో పేరుతో సహా పడుతుంది.

"ఓనర్ని నేను, నాకూ అడ్డమేటి?" అన్నాడాయన. అరగంట పట్టింది ఒప్పించడానికి. సాయంత్రానికి రెండు మానిటర్ల మీద పాస్‌వర్డ్ చీటీలు అంటించేసున్నాయి.

వచ్చేటప్పుడు బాబాయిని అడిగాను, ఆ కుర్రాడేం చేస్తున్నాడని. "గాజువాకలో ఏదో షాపులో చేస్తన్నాడట" అని నంబరిచ్చాడు. ఇంకా ఫోన్ చెయ్యలేదు.