కురోకావా వేఁడినీటి సత్రము

సోదరీమణులారా, పరదేశపు వింతలను వర్ణించుటకుఁ గాదు, అచ్చట మాకు సంభవించిన యొక సంకటమును విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మఱఁది జపాను దేశమున ఫుకుఓకా నగరములో నుద్యోగి. మా యత్తగారి మోఁకాళ్ల నొప్పులకు వేఁడినీటిబుగ్గల స్నానము మంచిదని, దారిబత్తెము తానే పంపి, గత దసరా సెలవులలో మమ్మందఱను రప్పించెను. ఫుకుఓకానుండి బస్సుపై మూఁడు గంటలు పోయి కురోకావా చేరితిమి. నల్లయేఱని యా పేరునకర్థము. ఆసో యను నగ్నిపర్వతమునకు ఉత్తరమున, లోయలో నున్న చిన్నపల్లె. సత్రములు ముప్పదివఱకుఁ గలవు. 1986వ సంవత్సరమున సత్రమువారందఱు నేకమై యొక కఱ్ఱబిళ్లను అమ్మ మొదలిడిరి. అది కొన్నవారు మూఁడు సత్రములలో స్నానము చేయవచ్చును. పొరుగువాని బేరము చెడినఁగాని తన బేరము సాగదనుకొను మన యంగడివారు దీనిని చూడవలెను!

చెప్పులు గుమ్మముకడనే విడువవలెనన్న నియమము మా యత్తగారికి మిక్కిలి నచ్చినది. అచ్చటి పులుసులలో చేఁపనీరు కలియనిది యరుదు. ముందుగా వ్రాసియుంచినందున మాకు అన్నము, సోయాజున్ను, కూరలు వడ్డించిరి.

చిక్కంతయు స్నానముకడ వచ్చినది. స్త్రీలకు వేఱుగా కొలను గలదు. కాని నూలుపోగైన లేక దిగవలెను. ముందు పీటపైఁ గూర్చుండి యొడలు తోమి కడుగుకొని, పిమ్మటనే నీటఁ బ్రవేశింతురు. చేతిగుడ్డను సైతము తలపైఁ బెట్టుకొందురేగాని నీట ముంపరు. అత్తగారు వాకిటనే నిలిచిపోయి, "భాగవతము చదివినదానవు గదా! గోపికలను స్వామి మందలించినది దేనికి?" అని యడిగిరి. మాకుత్తరము తోఁచలేదు. నిజము చెప్పవలెనన్న మాకును కాళ్లు వణఁకుచుండెను.

సత్రపు యజమానురాలు సంగతి గ్రహించి, లోపల గడియ వేసికొన వీలగు చిన్నతొట్టి యొకటి గలదనియు, వేకువనే గంటసేపు మాకే విడుతుననియు మఱఁదిచేఁ జెప్పించెను.

వేకువను మేమిరువురమే పోయితిమి. గంధకపు వాసనతోఁ గూడిన యావిరి. అత్తగారు చాలసేపు జాగుచేసి, తుదకు మావైపు వీఁపు త్రిప్పి చీర విడిచిరి. భుజమునుండి నడుమువఱకు కాలిన మచ్చ! పదునాలుగేండ్లుగా నొక్క కప్పు క్రిందనున్నను మేమెఱుఁగము. తలంటునాఁడు సైతము మమ్ముఁ జేరనీయక తలుపు బిగించుకొనుట గర్వమని యెంచియుంటిమి.

"నీ మగఁడు అప్పుడు చంటివాఁడు. చంకనుండఁగా నీళ్లకాఁగు ఒరిగినది, నేనిటు తిరిగితిని," అని మాత్రము చెప్పిరి. ఆ వీఁపును మేము మెల్లఁగాఁ దోమితిమి. వారు వలదనలేదు.

వెలికివచ్చి, వారిచ్చిన నూలంగీ కుడిచెఱఁగు పైకివచ్చునట్లు కట్టుకొంటిమి. యజమానురాలు పరుగున వచ్చి సవరించినది. ఆ విధముగా శవమునకుఁ గట్టుదురఁట! అత్తగారు నవ్వి, "నాకింకను గడువున్నదన్నమాట," అనిరి.

మచ్చ సంగతి మా యింటివారికి నేఁటివఱకుఁ దెలియదు. వ్రాయుదునా యని యడుగఁగా, "చదివియైనఁ దెలిసికొననిమ్ము," అని అత్తగారే సెలవిచ్చిరి. మోఁకాళ్లనొప్పి కొన్నిదినములు తగ్గి మరల వచ్చినది. మొన్న యాదివారము మాత్రము తలుపు గడియ వేయక, నూనెగిన్నె తెమ్మని మమ్ముఁ బిలిచిరి.