విజయపురి మీదుగా కృష్ణ

మహాబలేశ్వరమున సహ్యాద్రి శిఖరముల నడుమ జనించి, మహారాష్ట్ర కర్ణాటక భూములను దాటి, భీమను కలుపుకొని, జూరాలయొద్ద నొకపరి నిలిచి, సంగమేశ్వరముకడ తుంగభద్రను చేర్చుకొని, నల్లమల లోయలలో శ్రీశైల జలాశయమై విస్తరించు కృష్ణవేణి పూర్వప్రస్థానమును త్వరితముగా దాటుచున్నాను. ఏలయన నా మనస్సు ముందుగనే నాగార్జునసాగరము చేరి, బాల్యము గడచిన హిల్‌కాలనీ వీథులలో తిరుగాడుచున్నది.

1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరపు ఆనకట్టకు శంకుస్థాపన చేసినచోట పైలాన్ నిలిచినది. దాని పేర పైలాన్‌కాలనీ, గుట్టపై హిల్‌కాలనీ, ఆవలిగట్టున రైట్‌బ్యాంకు కాలనీ వెలసినవి. ఈ గట్టు విజయపురి నార్త్, ఆ గట్టు విజయపురి సౌత్. ఆ నామము మూడవ, నాలుగవ శతాబ్దుల ఇక్ష్వాకుల రాజధానిది; ఆ నగరమో జలాశయగర్భమున నున్నది. 1954 మొదలు 1960 వఱకు పురావస్తువేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున త్రవ్వి తీసిన కట్టడములు కొన్ని నాగార్జునకొండమీదికిని, అనుపు అను చోటికిని తరలి బ్రదికినవి. ఏలేశ్వరము వంటి మునిగిన ఊళ్లవారి యిండ్లకు, కళ్లములకు, పొలిమేర దేవతలకు ఆ భాగ్యము లేకపోయెను.

మా కాలనీలో క్వార్టరు ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోవునది. ఇంజనీరుకు బంగళా, గుమాస్తాకు రెండు గదులు. గుంటూరు యాసయు, నల్లగొండ యాసయు, సీమ పలుకును ఒకే కుళాయివద్ద కలిసెడివి. బదిలీ ఉత్తరువు వచ్చినయింట సామాను కట్టుచుండగా, ఆ యిల్లు తమకు వచ్చునాయని ఇరుగుపొరుగువారు విచారించెడివారు. గేట్లెత్తిరను వార్త వచ్చిన దినమున మాత్రము హోదాలు మఱచి, ఇరువదియాఱు గేట్లనుండి దూకు నీటిని చూడ అందఱమును పరుగిడెడివారము.

ఈ క్వార్టర్లలో చోటు దొరకని వారిని తలచినపుడు నాకు ఆగ్రహము కలుగును. నూట యిరువదినాలుగు మీటర్ల ఆ రాతికట్టడమును, యంత్రములపై కంటె మనుష్యుల భుజములపైననే భారము మోపి లేపిరి. పాలమూరు మొదలగు ప్రాంతములనుండి వేలాదిగా వచ్చి, గుడిసెలలో కాపురముండి, తట్టలు మోసిన కూలీలకు పని ముగియగానే ఈ పురముతో సంబంధము ముగిసినది. 1967లో ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినపుడు ఆ నీరు పాఱినది వారి చేలకు కాదు. కృష్ణ ముందుగా వారి జిల్లా మీదుగానే ప్రవహించి వచ్చుచున్నను, పాలమూరు మెట్టభూములు ఎండియే యుండెను. ఇది అన్యాయము, దేశప్రగతి పేర దీనిని మఱుగుపఱచుట మఱింత అన్యాయము.

నాగార్జునకొండ శాసనములలో మహాచైత్యమునకు దానమిచ్చిన చాంతిసిరి మొదలగు స్త్రీల నామములను నేటికిని చదువవచ్చును. సాగరమునకు రాళ్లు మోసిన స్త్రీల పేర్లు ఏ మస్టరురోలులోనైన మిగిలియున్నచో, వానిని వెలికిదీసి, పైలాన్ ప్రక్కనే రాతిపై చెక్కింపుడని ప్రభుత్వమును కోరుచున్నాను.